ఆలసించిన సాక్షి

రాజ్యాంగములు ఎన్ని విధముల మాఱినను రాజ్యమునకు ఒక నోరు కావలసియే యుండును. పూర్వము వందిమాగధులును, రాయబారులును, దండోరా వేయువారును ఆ పని చేసిరి. నేటి ప్రజాప్రభుత్వములలో పత్రికా కార్యదర్శి యనియు, అధికార ప్రతినిధి యనియు పిలువబడు ఉద్యోగి దానిని నెఱవేర్చుచున్నాడు. అతడు శాసనములు చేయడు. యుద్ధము ప్రకటింపడు. ఖజానా తాళపుచెవులు అతని చేతిలో నుండవు. అయినను ప్రభుత్వమును గుఱించి ప్రజలు ప్రతిదినము వినునది అతని మాటయే. ఆ మాటను నమ్మి తల్లులు బిడ్డలను సమరమునకు సాగనంపుదురు. ఆ మాటను నమ్మి పౌరులు పన్నులు చెల్లింతురు. అట్టి నోరు ఒకనాడు వెనుదిరిగి, తాను పలికినదంతయు సత్యము కాదనియు, తనచేత అసత్యము పలికింపబడెననియు చెప్పినచో లోకము దానిని ఎట్లు వినవలెను? శిరసు వంచి వినవలెనా, చెవులు మూసికొనవలెనా?

2008 వ సంవత్సరము మే మాసాంతమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న ఒక్కసారిగా పైకి వచ్చెను. అధ్యక్షుడు జార్జి బుష్ కొలువున పత్రికా కార్యదర్శిగా నుండిన స్కాట్ మెక్లెల్లన్ తన యుద్యోగానుభవములను గుఱించి ప్రకటించిన గ్రంథము అందులకు కారణము. ఆ గ్రంథములోని సంగతులకంటె దానిని లోకము స్వీకరించిన తీరు మనకు ఎక్కువ బోధకరము. ఏలయన అధికారమునకు నోరుగా నుండి, పిదప సాక్షిగా మాఱువాడు ఏ దేశమునందైనను పుట్టవచ్చును. అతనిని ఎదుర్కొను రీతినిబట్టియే రాబోవు సాక్షులు పలుకుటయో, మౌనము వహించుటయో నిర్ణయమగును.

నోటి యుద్యోగము

మెక్లెల్లన్ టెక్సాసు రాష్ట్రమువాడు. తల్లి ఆస్టిన్ నగర పాలకురాలిగను, తరువాత రాష్ట్ర గణాంకాధికారిణిగను పేరుగన్న రాజకీయ నాయకురాలు. బుష్ ఆ రాష్ట్ర గవర్నరుగా నున్నప్పుడే, 1999 లో, ఈయన ఆయన కొలువున చేరెను. 2000 సంవత్సరపు ఎన్నికల యాత్రలో వెంట తిరిగెను. 2001 లో వైట్ హౌసున ఉపకార్యదర్శి యయ్యెను. 2003 జులై 15 న ప్రధాన పత్రికా కార్యదర్శి యయ్యెను. కావున ఈయన బయటినుండి వచ్చి నాలుగు దినములు ఉద్యోగము చేసి పోయిన జీతగాడు కాడు, ఇంటిలో పెరిగినవాడు. 2006 ఏప్రిల్ 19 న ఈయన పదవీవిరమణ ప్రకటించిన దినమున, ఎప్పుడో ఒకనాడు తామిరువురును టెక్సాసున ఊగుకుర్చీలలో కూర్చుండి ఈ మంచి దినములను తలచుకొందుమని అధ్యక్షుడే పలికెను. ఆ కుర్చీల ముచ్చట జరుగకపోవుటకు కారణము తెలియవలెనన్నచో 2003 సంవత్సరమునకు పోవలెను.

ఆ సంవత్సరము జనవరి 28 న బుష్ తన వార్షికోపన్యాసమున, ఇరాకు ప్రభువు సద్దాం హుస్సేను ఆఫ్రికా ఖండమునుండి యురేనియము సంపాదింప యత్నించెనని బ్రిటిషు ప్రభుత్వము కనిపెట్టినట్లు చెప్పెను. మార్చిలో ఇరాకుపై దండయాత్ర ప్రారంభమయ్యెను. జులై 6 న జోసెఫ్ విల్సన్ అను మాజీ రాయబారి, తాను నైజరు దేశమునకు పోయి విచారించితిననియు, ఆ కథకు ఆధారము కానరాలేదనియు న్యూయార్కు టైమ్సు పత్రికలో వ్రాసెను. జులై 14 న రాబర్టు నోవాక్ అను పత్రికారచయిత, విల్సన్ భార్య వలెరీ ప్లేమ్ సి.ఐ.ఏ. గూఢచార శాఖ యుద్యోగిని యని ప్రకటించెను. రహస్యముగ పనిచేయు ఉద్యోగిని పేరు అట్లు బజారున పడెను. భర్త చేసిన విమర్శకు భార్యపై కసి తీర్చుకొనిరని పలువురు తలచిరి. మెక్లెల్లన్ కొత్త పదవి స్వీకరించినది సరిగా ఆ మఱునాడే.

ఆ గుట్టు బయటపెట్టినవారు అధ్యక్షుని ఆంతరంగికులేనా యని విలేఖరులు అడిగిరి. కార్ల్ రోవ్, ఉపాధ్యక్షుడు చెయినీ యొద్ద ముఖ్యోద్యోగియగు లూయీ లిబ్బీ, ఈ యిరువురకును అందులో సంబంధము లేదని మెక్లెల్లన్ 2003 శరత్కాలమున వేదికపైనుండి చెప్పెను. లిబ్బీని కూడ నిర్దోషిగా ప్రకటింపవలెనని అధ్యక్షుడును ఉపాధ్యక్షుడును కోరుచున్నారని కార్యాలయాధిపతి ఆండ్రూ కార్డు తనకు చెప్పెనని ఈయన తరువాత సాక్ష్యమిచ్చెను. 2005 జులైలో రోవ్ ఒక విలేఖరితో ఆ సంగతి మాటలాడినట్లు వెల్లడియయ్యెను. ఆ దినములలో అదే వేదికపై మెక్లెల్లన్ నిలువబడి, విచారణలో నున్న విషయమును గుఱించి చెప్పజాలనని మాటిమాటికి వల్లించుచుండగా దేశమంతయు చూచెను. ఆ యక్టోబరు 28 న లిబ్బీపై నేరారోపణ జరిగెను.

ఇట్టి స్థితిని మన పురాణములు ఎఱుగకపోలేదు. ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రుడు సంజయుని పాండవుల కడకు రాయబారిగా పంపెను. శాంతి వలయునను తియ్యని మాటలే కాని, ఇచ్చెదనను మాట ఒక్కటియు ఆ సందేశమున లేదు. సంజయుడు తన ప్రభువు మాటను తాను నెఱవేర్చెను. కాని తిరిగివచ్చిన రాత్రియే రాజును ఏకాంతమున కలిసికొని, ఆయన యధర్మమును ఆయన ముఖముననే నిందించెను. సందేశము మోయుటకును, సత్యము చెప్పుటకును నడుమ సంజయుడు ఒక రాత్రి మాత్రమే గడువు తీసికొనెను. మెక్లెల్లన్ తీసికొన్న గడువు రెండు సంవత్సరములకు మించినది. ఆయనపై వచ్చిన నిందలన్నిటికిని మూలము ఈ యెడమే.

గ్రంథము చెప్పినది

2007 నవంబరులో ప్రకాశకులు ఆ గ్రంథమునుండి కొన్ని వాక్యములను ముందుగా వెల్లడించిరి. తాను తెలియక అసత్యము ప్రకటించితిననియు, అందులో అయిదుగురు అత్యున్నతులు, అధ్యక్షునితో సహా, పాలుగొనిరనియు వాని సారాంశము. అధ్యక్షుడు తెలిసి బొంకెనని చదువరులు కొందఱు అర్థము చేసికొనిరి. ప్రకాశకుడు వెంటనే, రచయిత యభిప్రాయము అది కాదనియు, అధ్యక్షునకును సత్యము చెప్పబడలేదని ఆయన భావమనియు వివరించవలసివచ్చెను. అమ్మకము కొఱకు తుంపిన వాక్యము అర్థమును ఎట్లు వంచునో ఇది చక్కని నిదర్శనము.

పూర్తి గ్రంథము వచ్చిన పిమ్మట తెలిసినదేమన, ఆయన చేసిన ఆరోపణ అంతకంటె విశాలమైనది. ఇరాకు యుద్ధము తప్పనిసరియైన యుద్ధము కాదనియు, దానిని ప్రజలకు అంటగట్టుటకు ఎన్నికల ప్రచారపు తంత్రములను ఉపయోగించిరనియు, అనుకూలమగు సమాచారమును పెంచి, ప్రతికూలమగు సంశయములను దాచిరనియు ఆయన వ్రాసెను. ఎన్నిక ముగిసినను ఎన్నికల పోరాటము ముగియని పాలనావిధానమే ఈ రోగమునకు మూలమని ఆయన నిదానించెను. 2005 ఆగస్టు చివర కత్రీనా తుపాను న్యూ ఆర్లియన్సు నగరమును ముంచినపుడు వైట్ హౌసు మొదటి దినములు సత్యమును ఒప్పుకొనకయే గడిపెనని చెప్పెను. ఇరాకును గుఱించిన రహస్యాంచనాలోని కొన్ని భాగములను బయటపెట్టుటకు అనుమతించినది తానేయని అధ్యక్షుడు 2006 ఏప్రిలులో తనతో అంగీకరించెననియు, రహస్యములు బయటపడుటను నిందించుచు వచ్చిన నోటితో ఆ మాట విని తాను విస్తుపోయితిననియు చెప్పెను. అయినను బుష్ స్వభావముచేత దుష్టుడని ఆయన వ్రాయలేదు. తనను తాను నమ్మించుకొను శక్తి గలవాడని వ్రాసెను. మిత్రుడు మిత్రుని గుఱించి చెప్పుమాటలలో ఇది మిక్కిలి కఠినమైనది.

స్వజనుల యాగ్రహము

గ్రంథము పుస్తక విక్రయముల పట్టికలలో అగ్రస్థానమున కెక్కెను. వెంటనే పూర్వసహచరులు మాటల బాణములు సంధించిరి. మెక్లెల్లన్ పూర్వపీఠమున అప్పుడు కూర్చుండియున్న డేనా పెరీనో, ఆయన తన యనుభవమును గుఱించి అసంతృప్తి చెందినట్లున్నదనియు, తమకు ఆశ్చర్యముగను విచారముగను నున్నదనియు, తా మెఱిగిన స్కాట్ ఇతడు కాడనియు చెప్పెను. ఆయనకు పూర్వము ఆ పదవియందుండిన ఆరీ ఫ్లైషర్ ఇది తనకు అంతుపట్టకున్నదనెను. వామపక్షపు వ్రాతగాడెవడో పలికినట్లున్నదని రోవ్ ఎత్తిపొడిచెను. ఉద్యోగమునందుండగా ఇట్టి సంశయము నొక్కటియైనను ఇతడు తెలుపలేదనియు, ఇది స్వలాభము కొఱకు చేసిన పని యనియు ఫ్రాన్సెస్ టౌన్సెండ్ ఆక్షేపించెను. 1996 లో రిపబ్లికను పక్షమున అధ్యక్షపదవికి పోటీచేసిన వృద్ధనాయకుడు బాబ్ డోల్, ఇట్టి నీచులు ప్రతి ప్రభుత్వమునందును ఉందురనియు, ధైర్యమున్నచో అప్పుడే బహిరంగముగ పలుకుటయో, సుఖమైన యుద్యోగమును వదలుటయో చేయవలసియుండెననియు ఆయనకే లేఖ వ్రాసెను.

మన భాషలో ఈ మాటలన్నియు రెండు సామెతలలో ఇమిడిపోవును. ఒకటి, తిన్నయింటి వాసములు లెక్కపెట్టుట. రెండవది, ఇంటిగుట్టు లంకకు చేటు. కాని రెండవ సామెతను ప్రయోగించువారు ఒక సంగతి మఱచుచున్నారు. లంకకు చేటు వచ్చినది గుట్టు బయటపడుటవలననా, పరుని భార్యను తెచ్చి యశోకవనమున నుంచుటవలననా? విభీషణుడు నోరు విప్పకున్నచో రావణుని పని ధర్మమైపోవునా? గుట్టు చెప్పినవానిని తిట్టుటలో గుట్టు నిజమే యను నొప్పుకోలు దాగియున్నది. విచిత్రమేమన, మెక్లెల్లన్ వ్రాసిన ఫలానా సంగతి అబద్ధమని నిదర్శనములతో ఖండించినవారు తక్కువ. ఆయన మనస్సును, ధనాశను, కృతజ్ఞతను విచారించినవారు ఎక్కువ.

అయినను విభీషణునితో పోలిక మెక్లెల్లన్‌కు పూర్తిగా అనుకూలము కాదు. విభీషణుడు సముద్రము దాటుటకు ముందు నిండుకొలువున అన్నకు హితము చెప్పెను, అవమానము పొందెను, పిదప లంకను విడిచెను. యుద్ధము జరుగకమునుపే విడిచెను. మెక్లెల్లన్ కొలువున చెప్పినట్లు నిదర్శనము లేదు. అందఱు అమెరికనుల వలెనే తానును అధ్యక్షుని నమ్మితిననియు, ఉద్యోగము విడిచి దూరమునుండి చూచిన పిమ్మటనే సత్యము బోధపడెననియు ఆయన సమాధానము. మానవస్వభావము నెఱిగినవారు దీనిని అసాధ్యమనరు. కోటలోపలనుండి కోట యాకారము కనబడదు. కాని టౌన్సెండును డోలును వేసిన ప్రశ్న, వేసినవారి యుద్దేశమెట్టిదైనను, సరియైన ప్రశ్నయే.

ఆ ప్రశ్నను మొదట వేసినది మెక్లెల్లన్ తానే యని చెప్పినచో పాఠకులు ఆశ్చర్యపడుదురేమో. 2004 మార్చిలో, ఉగ్రవాద నివారణ శాఖకు అధిపతిగా నుండిన రిచర్డ్ క్లార్క్, బుష్ ప్రభుత్వము అల్ ఖైదా యపాయమును అలక్ష్యము చేసి ఇరాకువైపు దృష్టి మరల్చెనని ఒక గ్రంథము వ్రాసెను. అప్పుడు వైట్ హౌసు వేదికపైనుండి మెక్లెల్లన్, అంత గొప్ప సంశయములున్నచో ఇన్నాళ్లు ఏల యూరకుండెననియు, ఎన్నికల వేడిలో ఇప్పుడు పలుకుటకు కారణమేమనియు, పుస్తకము అమ్ముకొనుటకే కదా యనియు అడిగెను. నాలుగేండ్లు గడచినవి. అదే వేదికనుండి, దాదాపు అవే మాటలు ఆయనపైకే తిరిగివచ్చినవి. ప్రభుత్వములు సాక్షులను కొట్టుటకు ఆయుధశాలలో ఒకే గద నుంచుకొనును. దానిని మోయువాడు మాత్రము మాఱుచుండును.

ప్రతిపక్షుల యసంతృప్తి

యుద్ధమును వ్యతిరేకించినవారైనను ఆయనను భుజములపై నెక్కించుకొనలేదు. తాము అయిదేండ్లుగా చెప్పుచున్నదియే ఈయన ఇప్పుడు చెప్పుచున్నాడని కొందఱు సంతోషించిరి. పెక్కుమందికి ఆ సంతోషము వెంటనే కోపముగ మాఱెను. 2008 మార్చి నాటికి ఇరాకున మడిసిన అమెరికా సైనికుల సంఖ్య 4,000 దాటినది. ఇరాకు ప్రజలలో మృతులు అంతకు ఎన్నో రెట్లు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనువానిపై జాలిపడవచ్చును. ఇతరుల చేతులు కాలిన పిమ్మట ఆకులు తెచ్చినవానిని ఏమనవలెను? కొడుకును పోగొట్టుకొన్న తల్లికి రచయిత పశ్చాత్తాపము ఏమి యోదార్పు? ఈ కోపమును రాజకీయ ద్వేషమని తీసివేయరాదు. ఆయన స్వజనుల కోపము గుట్టు పోయినందులకు. వీరి కోపము కాలము పోయినందులకు.

2008 జూన్ 20 న మెక్లెల్లన్ ప్రతినిధి సభవారి న్యాయవ్యవహార సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. ప్లేమ్ పేరు బయటపెట్టుటలో అధ్యక్షునకు పాలు లేదని తాను నమ్ముచున్నాననియు, ఉపాధ్యక్షుని విషయమున అట్లు చెప్పజాలననియు చెప్పెను. డెమొక్రాటులు దానిని గొప్ప సాక్ష్యముగ గ్రహించిరి. రిపబ్లికను ముఖ్యసభ్యుడు లామార్ స్మిత్, కొన్ని వెండి నాణెములకు మిత్రులను అమ్ముకొనుట సరియా యని ధ్వనించునట్లు పలికెను. క్రీస్తును పట్టియిచ్చిన యూదా కథ అమెరికా సభలో ఎవ్వరికిని వివరింప నక్కఱలేదు. ఒకే మనుష్యుడు ఒకే దినమున ఒకే గదిలో ఒకరికి సత్యసంధుడు, మఱొకరికి యూదా. ఆ యక్టోబరులో ఆయన డెమొక్రాటు అభ్యర్థి యొబామాను బలపఱచుచున్నట్లు ప్రకటించినపుడు ఇరుపక్షములును తమ తీర్పే నిజమయ్యెనని తలచెను.

పత్రికల పాలు

ఆయన వ్రాతలో పత్రికలకు తగిలిన దెబ్బ యొకటి కలదు. యుద్ధమునకు ముందు పత్రికలు తగినంత కఠినముగ ప్రశ్నింపలేదనియు, వైట్ హౌసు ప్రచారమునకు తోడ్పడినవనియు ఆయన వ్రాసెను. మోసగించినవాడు మోసపోయినవానిని ఏల మోసపోతివని నిందించుట ధర్మమా యని విలేఖరులు మండిపడిరి. ఆ కోపము సహజము. కాని ఆరోపణ అసత్యము కాదు. న్యూయార్కు టైమ్సు పత్రిక 2004 మే 26 ననే, యుద్ధపూర్వమున తాను ప్రకటించిన కొన్ని వార్తలు తగినంత పరిశీలనకు లోనుకాలేదని సంపాదకుల పేర ఒప్పుకొనెను. 2008 మే 28 న టెలివిజను వార్తాప్రముఖులు మువ్వురు ఒక్కచోట చేరినపుడు, కేటీ కౌరిక్ ఆ కాలమును అమెరికా పత్రికావృత్తిలో మిక్కిలి సిగ్గుపడదగిన ఘట్టములలో ఒకటిగా చెప్పెను. ఛార్లెస్ గిబ్సన్ ప్రశ్నలు అడిగితిమనియే వాదించెను.

వేదికపై నొకడు అసత్యము పలుకుటకు, వేదిక క్రింద నలువదిమంది వ్రాసికొనువారు కావలెను. అధికార ప్రతినిధి మాటను ప్రకటించుట వార్త. ఆ మాటను శోధింపక ప్రకటించుట సేవ. మన వృత్తిలోనివారు ఈ భేదమును దినమునకొక్కసారియైనను తలచుకొనవలసియున్నది.

సాక్ష్యపు విలువ

ఇక విచారింపవలసినది, ఇట్టివాని మాట ఎంతవఱకు నమ్మదగును? మనదేశపు న్యాయస్థానములలో ప్రతి ప్లీడరును ఎఱిగిన న్యాయసూత్ర మొకటి కలదు. 1872 నాటి సాక్ష్యపు చట్టము, 2024 జులై 1 న కొత్త చట్టము దాని స్థానమున అమలునకు వచ్చువఱకు, దానిని నడపెను. నేరమున పాలుగొని పిదప సాక్షిగా మాఱిన అప్రూవరును న్యాయస్థానము సాక్షిగా స్వీకరించును. వాని మాటను వినకుండుట పొరపాటు. కాని ముఖ్యమైన యంశములలో వేఱు ఆధారముల బలము లేనిచో వానిని నమ్మదగినవాడుగా నెంచకుండుట వివేకము. ఈ సూత్రమున ద్వేషము లేదు, భక్తి లేదు.

ఈ త్రాసున మెక్లెల్లన్ సాక్ష్యమును తూచుదము. రోవ్, లిబ్బీలను గుఱించి తాను చెప్పినది అసత్యమనెను. రోవ్ విలేఖరితో మాటలాడుట బయటపడెను. లిబ్బీ అసత్యసాక్ష్యమునకును, న్యాయవిచారణను అడ్డగించుటకును 2007 మార్చి 6 న దోషిగా నిర్ణయింపబడెను. ఇది బలమైన యాధారము. అధ్యక్షుడు ఆ సంవత్సరము జులైలో లిబ్బీ చెఱశిక్షను తొలగించెను. 2018 లో అధ్యక్షుడు ట్రంప్ పూర్తి క్షమాపణ నిచ్చెను. క్షమాపణ శిక్షను తుడుచునే కాని జరిగినదానిని తుడువదు. ప్లేమ్ పేరు నోవాకునకు మొదట చెప్పినవాడు విదేశాంగ శాఖలోని రిచర్డ్ ఆర్మిటేజ్ అని 2006 లో తేలినది. కావున కసితీర్చుకొనుటకే యంతయు జరిగెనను కథ అనుకొన్నంత సరళము కాదు. ఈ సంగతిని కూడ త్రాసునందు వేయవలెను.

యుద్ధప్రచారమును గుఱించి ఆయన చెప్పినదానికి, గ్రంథము వెలువడిన కొలదిదినములకే, 2008 జూన్ 5 న, సెనేటు గూఢచార సంఘము ప్రకటించిన నివేదిక కొంత బలము చేకూర్చెను. ప్రభుత్వ నాయకుల ప్రకటనలలో కొన్నిటికి గూఢచార సమాచారపు బలము కలదనియు, మఱి కొన్నిటికి, ముఖ్యముగ ఇరాకునకును అల్ ఖైదాకును గల సంబంధమును గుఱించిన వానికి, లేదనియు అది చెప్పెను. అందులకు సంఘమునందలి రిపబ్లికనులలో పలువురు సమ్మతింపలేదు. ఇరాకున సామూహిక వినాశకాయుధముల నిలువలు లేవని 2004 లోనే ప్రభుత్వము పంపిన శోధకులే తేల్చిరి. ఇక అధ్యక్షుని హృదయమున ఏమి యుండెనను విషయమున మెక్లెల్లన్ మాట ఊహ మాత్రమే. అది ఊహయేయని ఆయనయు చెప్పెను. కావున ఆధారము గల చోట నమ్ముదము, లేనిచోట వేచియుందము. ఆయన మంచివాడా, చెడ్డవాడా యను ప్రశ్నకు ఈ తూనికలో చోటులేదు.

సకాలమున లేచినవారు

పదవియందు నున్నవాడు సమయమునకు లేచిపోవుట అసాధ్యమందుమా? దానికి ఆ దేశముననే ప్రత్యుత్తరములు కలవు. 1974 సెప్టెంబరు 8 న అధ్యక్షుడు ఫోర్డ్, పదవీభ్రష్టుడైన నిక్సన్‌కు క్షమాపణ ప్రసాదించెను. ఫోర్డ్ పత్రికా కార్యదర్శి జెరాల్డ్ టెర్‌హార్స్ట్ ఆ పదవిలో చేరి ఒక్క మాసమే యయ్యెను. అంతరాత్మ ననుసరించి వియత్నాము యుద్ధమునకు పోనిరాకరించిన యువకులకు లేని క్షమ, నిక్సన్‌కు ఏల యని ఆయన మనస్సు అడిగెను. ఆ దినముననే రాజీనామా యిచ్చెను. 1986 అక్టోబరులో, లిబియా నాయకుడు గడాఫీని బెదరించుటకై ప్రభుత్వము అసత్యవార్తలను పుట్టించు పథకము వేసినట్లు వాషింగ్టను పోస్టు పత్రిక బయటపెట్టెను. విదేశాంగ శాఖ ప్రతినిధి బెర్నార్డ్ కాల్బ్ కొలదిదినములలోనే పదవి విడిచెను. ఆ యిరువురును పూర్వము విలేఖరులే. వారి రాజీనామాలు నిర్ణయములను మార్చలేదు. నిక్సన్ క్షమాపణ నిలిచెను. కాని ప్రజలు విచారించుకొనుటకు తగిన సమయమున వారికి సంగతి తెలిసెను. సకాల సత్యమునకును, చరమ సత్యమునకును భేదమిది: మొదటిది పౌరునకు ఉపయోగపడును, రెండవది చరిత్రకారునకు.

ఈ కథ మెక్లెల్లన్‌తో ముగియలేదు. 2024 ఏప్రిలులో, 18 సంవత్సరములు అమెరికా విదేశాంగ శాఖలో పనిచేసి, అరబ్బీ భాషలో ఆ శాఖకు ప్రతినిధిగా నుండిన హాలా రరిట్, గాజాను గుఱించిన విధానమును సమర్థింపజాలక ఉద్యోగము విడిచెను. అదే శాఖకు ముఖ్యప్రతినిధిగా 2025 జనవరివఱకు నుండిన మాథ్యూ మిల్లర్, ఆ సంవత్సరము జూన్‌లో ఒక సంభాషణమున, గాజాలో ఇజ్రాయిలు యుద్ధనేరములు చేసెననుటలో తనకు సందేహము లేదని చెప్పెను. వేదికపై నున్నప్పుడు చెప్పునది ప్రభుత్వాభిప్రాయమే కాని స్వాభిప్రాయము కాదని ఆయన సమాధానము. అప్పుడు ఏల చెప్పలేదని మరల అదే ప్రశ్న, అదే కోపము. ఒకే శాఖలో, ఒకే యుద్ధమును గుఱించి, ఒకరు పదవిలో నుండగనే లేచిరి. ఒకరు దిగిన పిమ్మట పలికిరి. ఈ యిరువురను లోకము ఒకే తీరున చూచుట న్యాయము కాదు.

ప్రజల ధర్మము

మనమేమి చేయవలెను? ఆలసించిన సాక్షిని తిట్టి తఱిమినచో, కొలువులోపల సంశయముతో కొట్టుకొనుచున్న తరువాతివాడు ఆ తిట్లు విని నోరు మూసికొనును. ప్రభుత్వములు కోరునది అదియే. అట్లుగాక ఆలసించిన సాక్షికి పూలమాలలు వేసి యూరేగించినచో, ఆ తరువాతివాడు సత్యమును పదవీకాలమంతయు పెట్టెలో దాచి, మంచి ధర పలుకునపుడు అంగడికి తెచ్చును. ఈ రెండును ప్రజలకు నష్టమే. సాక్ష్యమును గ్రహింపుడు, మాలను దాచియుంచుడు. మాల సకాలమున లేచినవానికి చెందును.

అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. 2008 లో ఆ గ్రంథమును కొనుటకు ఎగబడిన జనులలో పెక్కురు 2003 లో అదే ప్రభుత్వపు మాటలను ప్రశ్నింపక విన్నవారే. కొలువున నున్నవాడు పలుకుటకు భయపడును. వినువాడు అడుగుటకు ఏల భయపడవలెను? ఈ మాటకు ఆధారమేమి, ఎవరు చూచిరి, ఎవరు విచారించిరి, వ్యతిరేకముగ చెప్పినవారెవ్వరు అని యడుగుటకు ఉద్యోగము పోదు, పదవి పోదు. విల్సన్ అడిగెను, క్లార్క్ అడిగెను, అప్పుడు వినినవారు తక్కువ. ప్రజలు యుద్ధమునకు ముందే అడుగనేర్చినచో, యుద్ధము ముగిసిన పిమ్మట ఒక మాజీ కార్యదర్శి పశ్చాత్తాపము కొఱకు వేచియుండవలసిన యవస్థ వారికి తప్పును.